పైపు తీయిస్తే పాపమా?

సమస్య:

మాది నందికొట్కూరు. మేం ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) వాళ్లం. మా నాయనకు 78 ఏళ్లు. పక్షవాతం వచ్చి పడిపోతే కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చినాం. మూడు వారాలుగా వెంటిలేటర్ మీదే ఉన్నాడు. మెదడు బాగా దెబ్బతినిందని, ఇంక కోలుకునే ఆశ లేదని డాక్టర్లే అంటున్నారు. మళ్లీ వాళ్లే, కిడ్నీలు పనిచేయడం లేదు, డయాలసిస్ మొదలుపెట్టమంటారా అని అడుగుతున్నారు. అప్పులు చేసినాం. మిగిలింది రెండెకరాల చేను. కువైట్‌లో ఉండే మా చెల్లెలు అది అమ్మైనా చూపించమంటుంది. మా అన్నేమో "పైపు తీయిస్తే నాయనను మనమే చంపినట్లు, గుడిలో పూజ పెట్టరు, సమాధికి జాగా ఇయ్యరు" అంటాడు. ఫాదర్‌ను పిలుద్దామంటే, నూనె పూసినాడంటే ఇంక అయిపోయినట్లేనని అడ్డం పడతాడు. నాయన బాగున్నప్పుడు మాత్రం "నన్ను ఆసుపత్రుల చుట్టూ తిప్పొద్దురా, ఇంట్లోనే పోనీయండి" అనేవాడు. మాకు దారి చెప్పండి.

- ఒక తమ్ముడు, నందికొట్కూరు

సలహా:

ముందు అన్నగారి భయం సంగతి. కోలుకునే ఆశ లేని మనిషికి వెంటిలేటర్ ఆపించడం హత్య అని కతోలిక శ్రీసభ చెప్పలేదు. శ్వాస యంత్రాలు ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లోనే, 1957 నవంబర్ 24న, పన్నెండవ పయస్ పోపు మత్తు వైద్యుల ముందు ఈ ప్రశ్నకు జవాబిచ్చారు. మామూలు వైద్యం చేయించుకోవడం మనిషి బాధ్యత. మోయలేనంత భారమయ్యే అసాధారణ వైద్యం బాధ్యత కాదు. 1980 మే నెలలో వాటికన్ ప్రకటన ఇంకొంచెం ముందుకు వెళ్లింది. కుటుంబం మీద విపరీతమైన ఖర్చు పడకూడదని అలాంటి వైద్యం వద్దనుకుంటే, దాన్ని ఆత్మహత్యతో సమానంగా చూడకూడదని తేల్చింది. కాబట్టి చేను అమ్మకపోతే పాపం చుట్టుకుంటుందనే బెంగ చెల్లెలికి అక్కర్లేదు. డయాలసిస్‌కూ ఇదే లెక్క. దానివల్ల మనిషి తేరుకుంటాడా, చావు నాలుగు రోజులు వాయిదా పడుతుందా అని డాక్టర్‌ను సూటిగా అడగాలి. రెండోదే జవాబైతే వద్దనడంలో తప్పు లేదు.

అలాగని అన్నగారి మాట పూర్తిగా కొట్టిపారేసేదీ కాదు. ప్రాణం తీయాలనే ఉద్దేశంతో సూది వేయడాన్ని గానీ, అదే ఉద్దేశంతో అవసరమైన సేవ మానేయడాన్ని గానీ శ్రీసభ ఒప్పుకోదు. ఈ నాయన ఒంట్లో బహుశా రెండు పైపులున్నాయి. గొంతులోది ఊపిరికి, ముక్కులోది తిండికి. ఇంట్లో వాళ్లు రెంటినీ కలిపి మాట్లాడుతుంటారు గానీ రెంటికీ తీర్పు ఒకటి కాదు. తిండి, నీళ్లు పైపుతో ఇచ్చినా అవి మామూలు సంరక్షణ కిందికే వస్తాయని రెండవ జాన్ పాల్ పోపు 2004 మార్చి 20న చెప్పారు. శరీరం వాటిని ఇముడ్చుకోలేని స్థితికి చేరితే మాత్రం బలవంతం లేదని 2007లో వాటికన్ వివరణ ఇచ్చింది.

రెండవ జాన్ పాల్ పోపు తన విషయంలో నడిచిన తీరు చూడండి. 2005 ఫిబ్రవరిలో ఊపిరి కోసం ఆయన గొంతుకు ఆపరేషన్ చేశారు. మార్చి చివర్లో ముక్కు పైపుతో ఆహారం ఇచ్చారు. పరిస్థితి విషమించినా, ఆ ఆపరేషన్ జరిగిన జెమెల్లి ఆసుపత్రికి మళ్లీ వెళ్లలేదు. ఏప్రిల్ 2న తన గదిలోనే, తనవాళ్ల మధ్య కన్నుమూశారు.

మన దగ్గర డబ్బు అయిపోగానే జరిగే తంతు వేరు. "మా ఇష్టంతోనే తీసుకుపోతున్నాం" అని కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. అంబులెన్సులో ఒకరు చేత్తో ఊపిరి అందించే అంబు బ్యాగ్ నొక్కుతూ కూర్చుంటారు. ఇంటి గడప దగ్గర అది ఆగిపోతుంది. నొప్పికి మందుండదు, గొంతులో గురక తగ్గించే మందుండదు. ఇంట్లో పోవాలన్నది నాయన కోరికే, కానీ ఇలా కాదు. నొప్పి మందు, గురకకు మందు రాయించుకుని, నోరు తడపడం, పక్కకు తిప్పడం నర్సు దగ్గర నేర్చుకుని మరీ తీసుకుపోవాలి. నొప్పి తగ్గించడానికే ఇచ్చిన మందు వల్ల ఆయుష్షు కాస్త తగ్గినా తప్పులేదని శ్రీసభ 1957 నుంచీ చెబుతూనే ఉంది.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. 2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో వెంకటేశ్ అనే చదరంగం ఆటగాడు, కండరాల జబ్బుతో మంచం పట్టి, అవయవదానం కోసం తన ప్రాణాధార యంత్రాలు తీసేయమని కోరాడు. తల్లి సుజాత హైకోర్టుకెక్కినా అనుమతి రాలేదు. ఆ అభ్యర్థన వేరు, ఈ నాయన పరిస్థితి వేరు. పైగా చట్టం మారింది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గౌరవంగా మరణించే హక్కును గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతి సులువు చేసింది. చూస్తున్న డాక్టర్, ఇద్దరు నిపుణులు కలిసి ఒక బోర్డు. దానిమీద ఇంకో బోర్డు. ఒక్కోటి వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. కుటుంబం ఒప్పుకోవాలి. మేజిస్ట్రేట్‌కు కబురు పంపేది ఆసుపత్రే. రెండు బోర్డులూ సరేనంటే మీరు కోర్టు మెట్లెక్కక్కర్లేదు.

ఉత్తరంలో అన్నిటికంటే బరువైన మాట చివర్లో రాశారు. ఇంట్లోనే పోనీయమని నాయన అన్న మాటే డాక్టర్ల ముందు మొదట చెప్పాల్సింది. చెల్లెలిని వీడియో కాల్‌లో ఉంచి, అన్నదమ్ములిద్దరూ కలిసి వెళ్లండి. ఒక్కరే వెళ్లి సంతకం పెట్టొద్దు, రేపు "నాయనను నువ్వే చంపినావు" అనే మాట జీవితాంతం పడాల్సి వస్తుంది.

ఫాదర్‌ను ఈరోజే పిలవండి. ఆయన నూనె పూసి ఇచ్చే వ్యాధిగ్రస్తుల అభ్యంగనం జబ్బు చేసినవాళ్లకు బలమిచ్చే సంస్కారం, ఆఖరి గడియ కోసమే దాచిపెట్టేది కాదు. పూజ, సమాధి గురించి అన్నగారు ఆయన్నే అడగవచ్చు. ఇలా వైద్యం ఆపించినందుకు అంత్యక్రియలు నిరాకరించే నియమం శ్రీసభలో లేదు.

ఈ పేజీ చదివే మిగతా ఇళ్ల పెద్దలకు ఒక మాట. మీ కోరిక ఇప్పుడే కాగితం మీద పెట్టండి. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం ఉంటే అది చెల్లుతుంది.