పాత లౌడ్ స్పీకర్ల పునరుద్ధరణ

1954లో ఎడ్గార్ విల్చర్ అమెరికాలో వెలువరించిన ఏ.ఆర్.-1 వలన, మూసిన చిన్న పెట్టెయు గంభీరమైన మంద్రస్వరము పలుకగలదని లోకమునకు తెలిసినది. అట్టి పాత జతలను ఇంటనే బాగుచేయు విధమును మేమిచ్చట సంగ్రహముగా తెలుపుచున్నాము.

1970ల నాటి పెక్కు స్పీకర్లలో కాగితపు కోను చుట్టునుండు ఫోము అంచు కాలక్రమమున పొడియై రాలును. పాత జిగురును స్పిరిటుతో మెల్లగా తొలగించి, సరియైన కొలతగల క్రొత్త అంచును అతికింపవలెను. వాయిస్ కాయిలు అయస్కాంతపు సందులో రాచుకొనరాదు.

క్రాసోవరులోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండినచో ఉచ్చధ్వనులు మందగించును. వానికి బదులు అదే మైక్రోఫారడ్ విలువగల పాలిప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్లు మేలు. విలువ మారినచో స్వరవిభజన చెడును.

తుదకు, యాంప్లిఫైయరును విడదీసి, 1.5 వోల్టుల బ్యాటరీని రెండింటికిని ఒకే తీరున క్షణకాలము తాకింపవలెను. రెండు పెద్ద కోనులును ఒకే దిశకు కదలవలెను. లేనిచో మంద్రస్వరము క్షీణించును.

తల్లిదండ్రులారా! శ, ష, స ల భేదము ఉచ్చధ్వనులయందే ఎక్కువగా నుండును. వీధిలో అన్యభాష వినుచు పెరుగు మన పిల్లలకు, పాత రికార్డులలోని తెలుగు ఈ భేదముతోనే వినబడవలెనని మా ఆకాంక్ష.