రెండు ప్రతుల భేదం

ఒక గ్రంథానికి పెక్కు ప్రతులు లభించినప్పుడు వాటిని పోల్చి, పాఠభేదాలను గుర్తించి, సరైన పాఠాన్ని నిర్ణయించడాన్ని పరిష్కరణ అంటారు. పంతొమ్మిదవ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి ఈ విధంగానే వ్రాతప్రతులను సరిచూపించాడు. నేడు కంప్యూటర్‌లో ప్రతి తీయడం క్షణకాలపు పని. అందుచేత ఒకే ఫైలుకు రెండు మూడు ప్రతులు ఏర్పడి, ఏది సవరించినదో, ఏది పాతదో తెలియని స్థితి తరచుగా ఎదురవుతుంది. పాతదనుకొని కొత్తదానిని తొలగిస్తే పడిన శ్రమ అంతా వ్యర్థమవుతుంది.

ఈ చిక్కును తీర్చే ప్రసిద్ధ సాధనం 'డిఫ్'. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ రచించిన ఈ ప్రోగ్రాము 1974లో యూనిక్స్ ఐదవ కూర్పుతో వెలువడింది. దాని పద్ధతిని ఆయన, జేమ్స్ హంట్ కలిసి 1976లో వివరించారు. రెండు ఫైళ్లలోనూ ఒకే వరుసలో వచ్చే ఉమ్మడి పంక్తులను వీలైనన్ని ఎక్కువగా గుర్తించి, మిగిలిన వాటిని భేదాలుగా చూపడం ఈ పద్ధతి సారం. ఉదాహరణకు మొదటి ఫైలులోని పంక్తులు క, చ, ట, త అనీ, రెండవదానిలోనివి క, ట, త, ప అనీ అనుకొందాం. క, ట, త ఉమ్మడివి. చ తొలగింది, ప చేరింది.

'రేంజర్' అనేది టెర్మినల్‌లో పనిచేసే ఫైల్ మేనేజర్. పైథాన్ భాషలో రచించిన ఈ ప్రోగ్రాముకు వాడుకరి తన సొంత ఆదేశాలను చేర్చుకోవచ్చు. పోలిక కోసం ఒక ఆదేశాన్ని చేర్చదలచినవారు కొత్త పద్ధతిని కనిపెట్టనక్కరలేదు; ఆ పనిని డిఫ్‌కు అప్పగిస్తే చాలు.

ముందుగా వాడుకరి ఎంచుకొన్న ఫైళ్లు సరిగ్గా రెండేనా అని చూడాలి. కాకపోతే ఆ సంగతి తెలిపి ఆగిపోవాలి. తరువాత రెండు పేర్లను డిఫ్‌కు వేరువేరుగా అందించాలి. రెండింటినీ ఒకే వాక్యంగా కూర్చి షెల్‌కు ఇస్తే, పేరు మధ్యనున్న ఖాళీ వల్ల ఒక పేరు రెండుగా చీలిపోయే ప్రమాదం ఉంది.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. యూనిక్స్‌లో ప్రతి ప్రోగ్రామూ ముగిసేటప్పుడు ఒక సంఖ్యను తెలుపుతుంది. సాధారణంగా 0 విజయానికి, ఇతర సంఖ్యలు వైఫల్యానికి గుర్తులు. కాని డిఫ్ విషయంలో 0 అంటే భేదం లేదని, 1 అంటే భేదం ఉందని, 2 అంటే పోలిక సాగలేదని అర్థం. ఇది గ్రహించని ఆదేశం భేదం దొరికిన ప్రతిసారీ దోషం జరిగిందని ప్రకటిస్తుంది. భేదం కనబడడం దోషం కాదు. అదే మనం కోరిన ఫలితం.

ఆ ఫలితాన్ని 'లెస్' వంటి ప్రోగ్రాము ద్వారా పుటలు పుటలుగా చూపాలి. లేకపోతే డిఫ్ ముగియగానే ఫైల్ మేనేజర్ తన తెరను తిరిగి నింపుతుంది. చదివేలోగానే ఫలితం మాయమవుతుంది.

డిఫ్ భేదాన్ని చూపుతుందే కాని, ఏ పాఠం గ్రాహ్యమో చెప్పదు. ఆ నిర్ణయం నాడు పండితునిది, నేడు వాడుకరిది.

అర్థాలు
పాఠభేదం : ఒకే రచన ప్రతుల మధ్య కనిపించే తేడా
గ్రాహ్యం : స్వీకరించదగినది

ప్రశ్నలు
1. డిఫ్ భేదాలను కనుగొనే పద్ధతిని సోదాహరణంగా వివరించండి.
2. డిఫ్ తెలిపే 0, 1, 2 సంఖ్యల అర్థాలేమిటి?