ధాన్య సంరక్షణము

కర్నూలు జిల్లాలో హంద్రి నది పరీవాహక ప్రాంతమున కోడుమూరు ఉన్నది. ఇది వానలు తక్కువగా కురియు మెట్టసీమ. జొన్న, కొఱ్ఱ, కంది, వేరుసెనగ ఇచటి నేలకు అలవడిన పంటలు. ఒక యేడు పండిన చేను మరుయేడు పండునను నమ్మకము లేదు. కావున గింజను దాచుకొనుట ఇచట పంట పండించుటతో సమానమైన పని.

దాచిన గింజకు శత్రువులు పెక్కు. వానిలో రెక్కల పురుగు ఒకటి. బూడిదవన్నె గల ఈ చిన్న ప్రాణి గింజల మీదను, గోనె సంచుల మీదను, గోడల సందులలోను గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్డు గసగసాల గింజకంటె చిన్నది. కొద్ది దినములలో అది పగిలి పిల్లపురుగు వెలువడును. అది దారము తీసి గింజలను ఉండలుగా అల్లి, ఆ గూటిలోనే ఉండి తినుచు పెరుగును. అట్టి ధాన్యము చెడువాసన పట్టి తినుటకు పనికిరాదు.

పూర్వము ఈ సీమలో జొన్నలను పాతరలలో దాచెడివారు. నేలలో గుంత త్రవ్వి, గడ్డి పఱచి, గింజలు నింపి, పైన మన్ను కప్పి గట్టిగా మూసెడివారు. లోపలి గింజలును పురుగులును శ్వాసించుటచే ప్రాణవాయువు తగ్గి, బొగ్గుపులుసు వాయువు పెరుగును. ఆ గాలిలో పురుగులు బ్రదుకలేవు. పాతర తెఱచిన వెంటనే దిగిన మనుష్యునకును ప్రాణాపాయమే. అందుచే కొంతసేపు గాలి సోకనిచ్చిన పిమ్మటనే దిగవలెను.

నేటి గిడ్డంగులలో సంచుల దొంతరపై గాలి చొరని పట్టా కప్పి, అంచులను ఇసుక సంచులతో అదిమి, లోపల అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను ఉంచుదురు. గాలిలోని తేమ తగిలి ఆ బిళ్లలనుండి ఫాస్ఫీన్ అను విషవాయువు పుట్టును. 3 గ్రాముల బిళ్ల 1 గ్రాము వాయువు నిచ్చును. అది సంచుల నడుమకు చొచ్చి పురుగుల శ్వాసక్రియను నిలిపివేయును.

అయితే గ్రుడ్డు తేలికగా చావదు. అది శ్వాసించునది స్వల్పము. కావున విషమును గ్రహించుటయు స్వల్పమే. రెండు దినములకే పట్టా తీసినచో ఎగురు పురుగులు చచ్చి కనబడును; పని ముగిసినదని తోచును. కాని మిగిలిన గ్రుడ్లనుండి పురుగులు మరల పుట్టును. కావున వాయువును 5 నుండి 7 దినములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, బయటికి పోకుండ నిలుపుదురు. ఈ లోపల గ్రుడ్డు ఎదిగి పిల్లయై విషమునకు లొంగును. మోతాదు పెంచుటకంటె కాలము పెంచుటయే మేలు. పట్టాకు చిల్లులున్నచో విషము చాలక బ్రదికిన పురుగుల సంతతి ఆ మందుకు లొంగనిదగును.

ఈ వాయువు మనుష్యులకును ప్రాణాంతకము. కనుక శిక్షణ పొందిన వారే ఈ పని చేయవలెను. బిళ్లలను ఇండ్లలో ఉంచరాదు. ఒకప్పుడు ఇండ్లలో వాడిన ఎథిలీన్ డైబ్రోమైడ్ అను మందును ప్రభుత్వము 2001లో నిషేధించినది. ఇంటి గింజకు ఎండయే మందు. పంట కొఱికిన టక్కున విఱుగునట్లు ఎండించి, చల్లార్చి, శుభ్రమైన డబ్బాలలో బిగువుగా మూత పెట్టినచో చాలును. పాతర నేర్పినదియు, గిడ్డంగి నేర్పునదియు ఒక్కటే: బాగుగా మూయుట, ఓపికతో వేచియుండుట.

ప్రశ్నలు

1. పాతరలో పురుగులు ఎట్లు చచ్చును?
2. గ్రుడ్లను చంపుటకు ఎక్కువ దినములు ఏల కావలెను?
3. మీ ఇంట ధాన్యమును ఎట్లు దాచుదురో వ్రాయుడు.