ఎగ్జిమాకు రెండు పూతలు: ఏది ఎప్పుడు, ఎంత రాయాలి?

చలికాలం మొదలవగానే ఎగ్జిమాతో మా దగ్గరకు వచ్చే పిల్లలు ఎక్కువవుతారు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనుక చర్మం పొడిబారి, ఎర్రబడి, రాత్రంతా ఒకటే దురద. బిడ్డకు నిద్ర ఉండదు, తల్లికీ ఉండదు. ఇలాంటివారికి మేము రెండు పూతలు రాసిస్తాం. ఒకటి స్టీరాయిడ్ క్రీము, రెండోది మాయిశ్చరైజర్.

ఇంటికి వెళ్లాక కొందరు స్టీరాయిడ్ అన్న మాటకే భయపడి ఆ ట్యూబు మూత కూడా తీయరు. మరికొందరు రెండు రోజుల్లో గుణం కనిపించిందని నెలల తరబడి కొని రాస్తూనే ఉంటారు. రెండింటివల్లా నష్టమే.

రెండింటి పని వేరు

స్టీరాయిడ్ వాపును, ఎరుపును, దురదను తగ్గిస్తుంది. దాన్ని ఎర్రబడిన చోట మాత్రమే, డాక్టరు చెప్పినన్ని రోజులే రాయాలి. మాయిశ్చరైజర్ చర్మంలోని తేమ ఆరిపోకుండా కాపాడుతుంది. దాన్ని జబ్బు తగ్గాక కూడా రోజూ, ధారాళంగా రాసుకోవచ్చు.

ఎలా రాయాలి?

1. గోరువెచ్చని నీటితో కొద్దిసేపు స్నానం చేయించండి. సున్నిపిండితో రుద్దకండి. మెత్తని తువ్వాలుతో అద్ది, ఒంటి మీద తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి.

2. సుమారు అరగంట ఆగి, ఎర్రబడిన చోట స్టీరాయిడ్ పలుచగా రాయండి. రెండింటినీ అరచేతిలో కలపకండి. కలిపితే మందు పలుచనవుతుంది, బాగున్న చర్మానికీ అంటుకుంటుంది.

3. పెద్దవారి చూపుడువేలి చివరి కణుపు పొడవున ట్యూబు నుంచి తీసిన క్రీము సుమారు అర గ్రాము. పెద్దవారి రెండు అరచేతులు, వేళ్లతో సహా, కప్పేటంత మేరకు అది సరిపోతుంది. పిల్లలకు రాసేటప్పుడు కూడా పెద్దవారి వేలితో, అరచేతితోనే కొలవండి.

4. రాశాక చేతులు కడుక్కోండి.

ఈ జాగ్రత్తలు మరువకండి

ముఖానికి, చంకలకు, గజ్జలకు, డైపరు కట్టే చోట డాక్టరు చెప్పనిదే స్టీరాయిడ్ రాయకండి. అక్కడ మందు ఎక్కువగా లోపలికి ఇంకుతుంది. క్లోబెటసాల్ చాలా బలమైన మందు. తెల్లబడటానికని దాన్ని ముఖానికి రాసుకుంటే చర్మం పలుచబడి, మొటిమలు, ఎర్రని నరాల గీతలు వస్తాయి.

గుండ్రంగా వచ్చే తామర ఫంగస్ వల్ల వస్తుంది. దానికి స్టీరాయిడ్ రాస్తే దురద తగ్గినట్టే ఉండి, లోలోపల తామర ఇంకా పాకుతుంది. పక్కింటివారికి పనిచేసిందని వారి ట్యూబు తెచ్చుకోకండి. 2018లో ప్రభుత్వం అనేక స్టీరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఆదేశించింది కూడా.

ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవారు ఒక్కసారిగా మానకండి. ఎరుపు, మంట తిరిగి ఎక్కువ కావచ్చు. ట్యూబు తీసుకుని డాక్టరు దగ్గరకు రండి. మానే పద్ధతి చెబుతారు.

ఇంకొక మాట. మాయిశ్చరైజర్ జిడ్డు పట్టిన బట్టలకు, దుప్పట్లకు నిప్పు త్వరగా అంటుకుంటుంది. వాటితో పొయ్యి దగ్గరకు, దీపం దగ్గరకు వెళ్లవద్దు.

పుండు నుంచి చీము, పసుపు రసి కారినా, జ్వరం వచ్చినా, వారం దాటినా గుణం లేకపోయినా ఆలస్యం చేయక బిడ్డను చూపించండి. వచ్చేటప్పుడు ఇంట్లో వాడిన ట్యూబులన్నీ సంచిలో వేసుకుని తెండి. మేము కోప్పడం. ఏ మందు పడిందో తెలిస్తేనే సరైన వైద్యం చేయగలం.