జీవనశైలి వైద్యం: ప్రజారోగ్య వ్యవస్థలో దాని చోటు

ఆహారం, వ్యాయామం, నిద్ర, పొగాకు, మద్యం వంటి అలవాట్లను సరిదిద్ది మధుమేహం, రక్తపోటు వంటి అసాంక్రమిక వ్యాధులను నివారించడం, అదుపు చేయడమే జీవనశైలి వైద్యం. దేశంలో ఈ వ్యాధులపై జాతీయ కార్యక్రమం (ఎన్‌పీసీడీసీఎస్) 2010లో మొదలైంది. 2023లో దాని పేరు ఎన్‌పీ-ఎన్‌సీడీగా మారింది. 2017 జాతీయ ఆరోగ్య విధానం నివారణకు పెద్దపీట వేసింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 14న ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా జాంగ్లాలో తొలి ఆయుష్మాన్ భారత్ హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ ప్రారంభమైంది. ఈ సెంటర్లే 2023 నుంచి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు.

అసలు పని మొదలయ్యేది ఇంటి గడప దగ్గర. ఆశా కార్యకర్త 30 ఏళ్లు దాటిన వారి వివరాలను సీబ్యాక్ అనే ముప్పు అంచనా పత్రంలో నింపుతుంది. నడుము కొలతనే చూస్తే, స్త్రీలకు 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 దాటకుంటే సున్నా మార్కులు. స్త్రీలకు 81-90, పురుషులకు 91-100 అయితే 1. ఆపైన 2 మార్కులు. వయసు, పొగాకు, మద్యం, వారానికి 150 నిమిషాల శ్రమ, కుటుంబ చరిత్ర కూడా లెక్కలోకి వస్తాయి. మొత్తం 4 దాటితే పరీక్షలకు ముందు వరుస. ఇక్కడ ఎక్కువ మార్కులు రావడం మంచిది కాదు మరి!

ఆయుష్మాన్ ఆరోగ్య మందిరంలో మధుమేహం, రక్తపోటు, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ప్రాథమిక పరీక్షలుంటాయి. కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ మందులతోపాటు ఆహార సలహాలిస్తారు. యోగా తరగతులూ జరుగుతాయి. చిక్కల్లా, రోగుల రద్దీలో సలహాకు దక్కే సమయం తక్కువ కావడమే.