మాట వినడం: నయమాను జీవితంలో విశ్వాసం, విధేయత (2 రాజులు 5)

ఈ వారం వీడియోలో సిరియా సైన్యాధిపతి నయమాను గురించి ధ్యానించాం. అరగంటలో విడమరచి చెప్పడానికి కుదరని కొన్ని సంగతులు ఇక్కడ రాస్తున్నాను. బైబిలు పక్కన పెట్టుకుని, 2 రాజులు 5వ అధ్యాయం 1 నుండి 19 వచనాలు ఒకసారి చదివి, ఆ తర్వాత ఇది చదవండి.

ముందు మన తెలుగు మాట ఒకటి చూద్దాం. ఒక తల్లి "మా వాడు అస్సలు మాట వినడండీ" అంటే, వాడికి చెవుడు అని ఎవరూ అనుకోరు. వింటాడు, కానీ చెయ్యడు అని మనకు వెంటనే అర్థమవుతుంది. మన భాషలో వినడం అంటే చెవితో వినడమూ, లోబడడమూ రెండూను. హెబ్రీ భాషలో కూడా అంతే. ద్వితీయోపదేశకాండము 6:4లో ఇశ్రాయేలీయులను వినమని పిలిచే ఆ "షెమా" అనే మాటకు ఆలకించడం, లోబడడం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. క్రొత్త నిబంధన గ్రీకులో విధేయత అనే మాట కూడా వినడం అనే మాటలోంచే పుట్టింది. ఇక రోమా 10:17 ప్రకారం విశ్వాసం ఎలా కలుగుతుంది? వినడం వలన. అంటే విశ్వాసానికీ విధేయతకీ పుట్టిల్లు ఒక్కటే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మనలో చాలామంది ఈ రెంటినీ విడదీసి పెట్టుకుంటారు. విశ్వాసం ఆదివారానికి, విధేయత వీలైనప్పుడు. "నాకు విశ్వాసం ఉంది బ్రదర్, కానీ ఆ ఒక్క విషయంలో మాత్రం లోబడలేకపోతున్నాను" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. బైబిలు అలా విడదీయదు. యోహాను 3:36 తెరిచి చూడండి. మొదటి సగంలో కుమారునియందు విశ్వాసముంచేవాడు ఉన్నాడు. రెండో సగంలో అతనికి ఎదురుగా ఎవరు ఉండాలి? విశ్వాసం లేనివాడు ఉండాలి కదా. కానీ అక్కడ విధేయుడు కానివాడు ఉన్నాడు! హెబ్రీ 3:18, 19 వచనాల్లోనూ అంతే. ఒక వచనం వారు అవిధేయులు అంటుంది, దాని వెంటనే వచ్చే వచనం వారి అవిశ్వాసం గురించి చెబుతుంది. రోమా 1:5లో పౌలు రెంటినీ కలిపి ఒకే మాటగా వాడేశాడు.

ఇప్పుడు నయమాను దగ్గరకు వద్దాం.

ఈ అధ్యాయంలో విశ్వాసం మొదట కనిపించేది నయమానులో కాదు, అతని ఇంట్లో పనిచేసే చిన్నదానిలో. సిరియా దండు చెరపట్టి తెచ్చిన ఇశ్రాయేలు పిల్ల ఆమె. పేరు కూడా రాయబడలేదు. షోమ్రోనులో ఉన్న ప్రవక్త దగ్గరకు వెళ్తే మా యజమాని బాగుపడతాడు అని ఆమె చెప్పింది. ఇది మామూలు మాట కాదండీ. ఎందుకో లూకా 4:27 చూస్తే తెలుస్తుంది. ఎలీషా కాలంలో ఇశ్రాయేలులో కుష్ఠరోగులు చాలామంది ఉన్నారు, వారిలో ఒక్కరు కూడా శుద్ధి పొందలేదు, నయమాను తప్ప అని యేసు ప్రభువే నజరేతు సమాజమందిరంలో చెప్పారు. అంటే ఎలీషా చేతిలో కుష్ఠురోగి బాగుపడడం ఈ చిన్నది ఎన్నడూ చూడలేదు. తన ఊళ్ళో కూడా అలాంటిది వినలేదు. అయినా నమ్మింది. పైగా ఎవరి కోసం నమ్మింది? తనను ఇంటికి దూరం చేసిన సైన్యానికి అధిపతి కోసం. ఈ పిల్ల మీద ఒక ప్రత్యేకమైన వీడియో చేయాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

నయమాను బయలుదేరాడు. పది తలాంతుల వెండి, ఆరు వేల షెకెళ్ళ బంగారం, పది జతల బట్టలు. మన లెక్కల్లో వెండి సుమారు 340 కిలోలు, బంగారం సుమారు 68 కిలోలు. గుర్రాలతో, రథాలతో ఎలీషా గుమ్మం ముందు నిలబడ్డాడు. ప్రవక్త బయటకే రాలేదు. మనిషిని పంపి, వెళ్ళి యొర్దానులో ఏడుసార్లు స్నానం చెయ్యమని చెప్పించాడు.

నయమానుకు కోపం వచ్చింది. 11వ వచనం జాగ్రత్తగా గమనించండి. అతని మనసులో ఒక కార్యక్రమం ముందే సిద్ధంగా ఉంది. ప్రవక్త బయటికి వస్తాడు, నిలబడతాడు, తన దేవుని పేరు ఎత్తి ప్రార్థిస్తాడు, రోగం ఉన్న చోట చెయ్యి ఆడిస్తాడు. దేవుడు బాగు చెయ్యగలడని అతనికి కొంత నమ్మకం ఉంది. లేకపోతే అంత దూరం వచ్చేవాడే కాదు. కానీ ఆ నమ్మకం తాను గీసుకున్న గీతలోనే ఉంది. దేవుని మాట ఆ గీత దాటేసరికి రథం వెనక్కి తిప్పేశాడు.

అతని వాదన కూడా బుద్ధిలేనిదేమీ కాదు. అబానా, ఫర్పరు దమస్కు నదులు. అబానా అంటే ఇప్పుడు దమస్కు నగరం మధ్యగా పారే బరదా నది అని చాలామంది పండితుల అభిప్రాయం. కొండల్లోంచి దిగివచ్చి ఆ ఎడారి అంచున తోటలను పచ్చగా ఉంచే నది అది. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషిని తీసుకెళ్ళి ఎక్కడో పరాయి ఊరి వాగులో మునగమంటే ఎలా ఉంటుంది? నీళ్ళను నీళ్ళతో పోలిస్తే నయమాను లెక్క తప్పు కాదు. అయితే స్వస్థత నీళ్ళలో ఉందని ఎలీషా చెప్పలేదు కదా! యొర్దానుకూ అబానాకూ ఉన్న తేడా ఒక్కటే. ఒకదాని గురించి దేవుడు మాట పలికాడు, రెండోదాని గురించి పలకలేదు.

ఇక్కడ అతని సేవకులు ముందుకు వచ్చారు. కోపంగా ఉన్న సేనాధిపతికి ఎదురు చెప్పడం ప్రాణాల మీదికి తెచ్చుకునే పని. అయినా "నాయనా" అని పిలిచి మెల్లగా అడిగారు. ప్రవక్త ఏదైనా కష్టమైన పని చెప్పి ఉంటే చేసేవాడివే కదా, ఇంత చిన్న పని ఎందుకు చెయ్యవు అని. నయమానుకు మేలు చేసిన మాటలన్నీ చిన్నవాళ్ళ నోటినుంచే రావడం చూడండి. చెరలో ఉన్న పిల్ల, ప్రవక్త పంపిన మనిషి, సొంత సేవకులు. రాజులిద్దరి వల్లా అతనికి దారి దొరకలేదు. ఒక రాజు తప్పుడు చిరునామాకు ఉత్తరం రాశాడు, రెండో రాజు బట్టలు చింపుకున్నాడు.

14వ వచనంలో అతడు దిగి వెళ్ళాడు అని ఉంది. నిజంగానే దిగాలి. షోమ్రోను కొండ మీది పట్టణం, యొర్దాను లోయ సముద్రమట్టం కంటే దిగువన ఉంటుంది. మధ్యలో 30 కిలోమీటర్లకు పైగానే ప్రయాణం. ఎలీషా ఇంటి ముందు పుట్టిన కోపం చల్లారడానికీ, మళ్ళీ మనసు మార్చుకోవడానికీ సరిపడా దారి. ఆరు మునకల వరకు ఏమీ జరగలేదని కొందరు బోధకులు ఒక్కో మునకనూ వర్ణించి చెబుతారు. వినడానికి బాగుంటుంది కానీ లేఖనంలో ఆ వర్ణన లేదు. ప్రవక్త చెప్పినట్టే ఏడుసార్లు మునిగాడు, దేహం పసిపిల్లవాడి దేహంలా అయ్యింది. అంతవరకే ఉంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది వరుసక్రమం. భూలోకమంతటిలో ఇశ్రాయేలు దేవుడే దేవుడని నయమాను ఒప్పుకున్నది 15వ వచనంలో, అంటే మునిగిన తర్వాత. మునగడానికి దిగినప్పుడు అతనికి ఉన్న విశ్వాసం ఎంత? సేవకులు చెబితే సరే చూద్దాం అనేంత. ఆ కొంచెంతోనే అతడు నీళ్ళలో అడుగుపెట్టాడు. విశ్వాసం పూర్తిగా వచ్చాక లోబడదాం అని ఒడ్డున కూర్చుని ఉంటే 15వ వచనం ఉండేది కాదు. క్షమించమని వాక్యం చెబుతోంది, నాకు ఇంకా ఆ మనసు రాలేదు అంటాం. మనసు వచ్చేదాకా ఆగకండి. ఫోన్ తీసి ఆ తమ్ముడికి, ఆ ఆడపడుచుకు ఒకసారి కాల్ చెయ్యండి.

ఇప్పుడు ఒక బరువైన విషయం. ఈ మధ్య ఒక సహోదరి ప్రార్థన కోసం ఫోన్ చేసింది. భర్తకు టీబీ. మందులు మొదలుపెట్టి రెండు నెలలయ్యింది, దగ్గు తగ్గింది. ఒక ప్రార్థన కూడికలో ఎవరో, నయమాను వాక్యమే చూపించి, మాత్రలు వేసుకోవడం అవిశ్వాసం, మానేస్తేనే దేవుడు పూర్తిగా స్వస్థపరుస్తాడు అని చెప్పారట. "అన్నయ్యా, మానేస్తే విధేయతా, వేసుకుంటే అవిధేయతా?" అని అడిగింది.

ఆమెతో చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. మాత్రలు మానవద్దు. టీబీ మందులు సాధారణంగా ఆరు నెలలు వాడాలి. మధ్యలో ఆపితే రోగం తిరగబెట్టడమే కాదు, మందులకు లొంగని టీబీగా మారే ప్రమాదం ఉంది, అది ఇంట్లో పిల్లలకు కూడా అంటుకుంటుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ మందులు ఉచితం. నయమాను లోబడింది దేవుడు పలికిన మాటకు. దేవుడు పలకని మాటకు లోబడడం విధేయత అనిపించుకోదు, ఆ మాట ఎంత గట్టిగా వేదిక మీద నుంచి చెప్పినా సరే. మందు మానెయ్యి అని బైబిలు ఎక్కడ చెప్పింది? హిజ్కియా బాగుపడతాడని దేవుడు మాట ఇచ్చిన తర్వాత కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు (2 రాజులు 20:7). తిమోతి కడుపు జబ్బుకు పౌలు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు (1 తిమోతి 5:23). త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20).

ఇంకా దగ్గరగా చూడాలంటే 2 రాజులు 7వ అధ్యాయం చదవండి. షోమ్రోను గుమ్మం దగ్గర నలుగురు కుష్ఠరోగులు. ఎలీషా ఉన్న పట్టణమే అది! వాళ్ళు బాగుపడినట్టు ఆ అధ్యాయంలో లేదు. అయినా ముట్టడిలో ఆకలితో చస్తున్న పట్టణానికి మంచి వార్త తెచ్చింది వాళ్ళే. చివరికి ఎలీషా కూడా జబ్బుతోనే చనిపోయాడు (13:14). ఎలీషాకు విశ్వాసం తక్కువైందని ఎవరైనా అనగలరా? స్వస్థతను కొలబద్దగా పెట్టి ఒకరి విశ్వాసాన్ని కొలవడం మన పని కాదు. ఆ భార్యాభర్తల కోసం మీరు కూడా ప్రార్థించండి, మాత్రలు ఆరు నెలలూ క్రమంగా వేసుకునేలా కూడా ప్రార్థించండి.

మన ప్రాంతంలోనే ఒక సాక్ష్యం ఉంది. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో మెథడిస్టు మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ కుష్ఠరోగుల కోసం ఆసుపత్రి కట్టించారు. 20వ శతాబ్దం మొదట్లో, సరైన మందు ఇంకా లేని కాలంలో, అందరూ దూరంగా నెట్టేసిన రోగులను దగ్గరకు తీసుకున్నారు. వారు చదివింది ఇదే బైబిలు. వారి విధేయత కట్టు కట్టే చేతుల్లో కనిపించింది. (బైబిల్లో కుష్ఠు అని అనువదించిన హెబ్రీ మాట రకరకాల చర్మవ్యాధులకు వాడేది. ఇప్పుడు మనం కుష్ఠు అనే వ్యాధికి ఆరు నెలలు లేక సంవత్సరం మందులు వాడితే నయమైపోతుంది, అదీ ఉచితంగా.)

బంగారం సంగతికి వద్దాం. నయమాను తిరిగివచ్చి కానుక తీసుకోమన్నాడు, ఎంత బతిమాలినా ఎలీషా ఒప్పుకోలేదు. నేను లోబడ్డాను కాబట్టి దేవుడు నాకు బాకీ పడ్డాడు అనే ఆలోచనకు అక్కడ తలుపు మూసుకుపోయింది. ఏడు మునకలు ధర కాదు. ధర కట్టగలిగేంత సొమ్ము నయమాను దగ్గర నిజంగానే ఉంది, అది మూట విప్పకుండానే తిరిగి వెళ్ళేది, మధ్యలో గేహజీ పరుగెత్తుకుంటూ రాకపోతే.

చివరిగా 18వ వచనం. ఇంటికి వెళ్ళబోతూ నయమాను ఒక ఇబ్బంది బయటపెట్టాడు. నా రాజు రిమ్మోను గుడిలో మొక్కడానికి వెళ్తూ నా చెయ్యి ఆనుకుంటాడు, అప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, దాన్ని యెహోవా క్షమించాలి అన్నాడు. నాకు ఇది చాలా నిజాయితీగా అనిపిస్తుంది. కుటుంబంలో ఒక్కరే ప్రభువును నమ్ముకుని, ఇంట్లో పూజలప్పుడు ఎక్కడ నిలబడాలో తెలియక నలిగిపోయే కోడళ్ళు, ఉద్యోగులు ఈ వచనం దగ్గర చాలాసేపు ఆగుతారు. ఎలీషా అతనికి సరే అని అనుమతి ఇవ్వలేదు, కాదని గద్దించనూ లేదు. నెమ్మదిగలవాడవై వెళ్ళమని పంపాడు. బాగుపడిన ఒంటితో, రెండు కంచర గాడిదలు మోసేంత మట్టితో, తేలని ఆ ప్రశ్నతో నయమాను దమస్కు దారి పట్టాడు.

వచ్చే వారం గేహజీ గురించి చూద్దాం. వీడియో చూసేముందు 20 నుండి 27 వచనాలు చదివి రండి. గేహజీ ఎన్ని అబద్ధాలు ఆడాడో లెక్కపెట్టి రాసుకోండి.