ఆగస్టు ఊరికి నవంబరులో

మాది యానాం. 1954 నవంబరు 1న యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి భారతదేశం చేతికి వచ్చేనాటికి మా నాన్నగారు ఫ్రెంచి సైన్యంలో సిపాయి. ఆయన కొలువు వెంట మా సంసారం పారిస్ శివార్లకు చేరింది. 1962 నుంచి 1966 దాకా ఐదు వేసవులు నన్నూ అక్కనూ ఫ్రాన్స్ నడిబొడ్డున ఉండే క్రూజ్ జిల్లాలో ఒక పల్లెకు పంపేవారు. నాన్నగారి బారకాసు స్నేహితుడి తల్లి అక్కడ ఒంటరిగా ఉండేది. అక్కడి పిల్లల్లాగే మేమూ ఆవిడను 'మెమే' అనేవాళ్ళం, అంటే మామ్మ. తర్వాత నాన్నగారికి పింఛను రావడం, మేం మళ్ళీ గోదావరి గట్టుకు చేరడం జరిగిపోయాయి. యాభై ఆరేళ్ళకు, 2022లో, లియోన్‌లో ఉంటున్న మా అమ్మాయి కారెక్కి ఆ ఊరు వెళ్ళొచ్చాను. చిన్ననాటి ఊళ్ళు చూడాలని ఉబలాటపడేవాళ్ళకు నాలుగు మాటలు చెబుతాను. ఎవరూ అడగలేదు. ఈ వయసులో అడిగేదాకా ఆగితే పని జరగదు.

1. సెలవుల్లో చూసిన ఊరికి సెలవులు కానప్పుడు వెళ్ళండి.

నేనేదో ఆలోచించి అలా వెళ్ళలేదు. అక్టోబరు చివర్లో విమానం టికెట్టు చవక, అంతే. నా తలలో ఉన్న ఊరికి ఒక్కటే నెల: ఆగస్టు. రాత్రి ఎనిమిదింటిదాకా వెలుగు, వాగులో కాళ్ళు, ఎర్రటి లిమూజాఁ ఆవులు. కారు దిగేసరికి పొగమంచు. వానకు తడిసి నల్లబడ్డ గ్రానైటు ఇళ్ళు. కిటికీల చెక్క రెక్కలన్నీ బిగించి ఉన్నాయి. ముప్ఫై కొంపల్లో ఆరింటికే పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. మిగతావి వేసవికి మాత్రం తెరుచుకునేవి, అసలు తెరుచుకోనివీ. "ఊరు మూసేశారా తాతయ్యా?" అన్నాడు మనవడు. మేం సూట్‌కేసులు సర్దుకుని పారిస్ రైలెక్కాక మెమే మిగిలిన పది నెలలూ గడిపింది ఇందులోనన్నమాట. ఐదేళ్ళూ ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు. నా మటుకు నేను వెళ్ళగానే ఊరు ఆగిపోయేది, మళ్ళీ రాగానే మొదలయ్యేది.

2. జ్ఞాపకం మీద ఒట్టు వెయ్యకండి.

మెమే ఇల్లు ఇప్పుడు ఒక ఇంగ్లీషు దంపతులది. ఆ జిల్లాలో పాత ఇళ్ళు కొనుక్కున్న ఇంగ్లీషువాళ్ళు చాలామందే ఉన్నారు. మర్యాదస్తులు, లోపలికి రమ్మన్నారు. నేను ఇల్లు నాదేనన్నట్టు వంటింట్లోకి నడిచి, "ఇక్కడి కిటికీలోంచి చర్చి కనపడేది, పూడ్చేశారే" అన్నాను, కాస్త నిష్ఠూరంగానే. ఆయన గోడ మీద చెయ్యి వేసి చూపించాడు. రెండడుగుల మందం రాతి గోడ. అతుకు లేదు. అక్కడెప్పుడూ కిటికీ లేదు. సాయంత్రం అక్కకు ఫోన్ చేస్తే పకపకా నవ్వింది. "ఆ కిటికీ యానాంలో మనింటిదిరా, చర్చి కూడా అక్కడిదే."

ఆ పెద్దమనిషికి మర్నాడు క్షమాపణ చెప్పుకున్నాను.

3. నాలుకను నమ్మవచ్చు.

అక్కడ చెర్రీపళ్ళతో క్లాఫుతీ అని ఒకటి చేస్తారు. దిబ్బరొట్టెకు దూరపు చుట్టం అనుకోండి, పైన కాకుండా లోపల పళ్ళుంటాయి. గింజలు తీయరు, తీస్తే రుచి పోతుందంటారు. గింజలు పళ్ళెం అంచున పేర్చి, ఎవరివి ఎక్కువో లెక్కపెట్టేవాళ్ళం. ఇప్పుడు నిలవ పళ్ళతో చేసింది దొరికింది. ఏమీ మారలేదు. మా అమ్మాయి పన్ను మాత్రం చిట్లింది.

4. ఆ ప్రశాంతత ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోండి.

"ఎంత నిశ్శబ్దమో!" అని అమ్మ ఉత్తరాల్లో రాసేది. ఆ నిశ్శబ్దం దేవుడిచ్చింది కాదు. క్రూజ్ తాపీమేస్త్రీల జిల్లా. వందల ఏళ్ళుగా ఇక్కడి మగవాళ్ళు వసంతం రాగానే కాలినడకన పారిస్ వెళ్ళి, అక్కడ మేడలు కట్టి, చలికాలానికి తిరిగొచ్చేవారు. అలా నడిచివెళ్ళిన కుర్రాడే మార్తాఁ నదో. 1815లో పుట్టి, తాపీ పట్టి, చివరికి పార్లమెంటు సభ్యుడై, తన కథ పుస్తకంగా రాసుకున్నాడు. పొలం, పశువులు, పిల్లలు ఆడవాళ్ళ నెత్తిన ఉండేవి. మేం పారిస్ నుంచి ఇక్కడికొచ్చే నెలల్లోనే ఒకప్పుడు ఈ ఊరి మగవాళ్ళు పారిస్‌లో ఉండేవారు. కువైట్ వెళ్ళిన వాళ్ళ ఇళ్ళు మా కోనసీమలో చూశాను కాబట్టి ఇది నాకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. పోనుపోను మేస్త్రీలు తిరిగి రావడమే మానేశారు. 1851లో జిల్లా జనాభా సుమారు 2,87,000. ఇప్పుడు దాదాపు 1,15,000. మా ఊరి బడి మూతపడింది, రొట్టెల కొట్టు మూతపడింది. కొట్టు అరుగు మీద నాణెం వేస్తే రొట్టె ఇచ్చే మిషను నిలబెట్టారు.

వెళ్ళినవాళ్ళు సరే, పోయినవాళ్ళ సంగతి. ఫ్రాన్స్‌లో దాదాపు ప్రతి ఊళ్ళోనూ మొదటి ప్రపంచయుద్ధంలో చచ్చిపోయినవారి పేర్లతో ఒక రాయి ఉంటుంది. ఇదే జిల్లా జాఁస్యూ గ్రామంలో 1922లో కట్టిన రాయి దగ్గర సైనికుడి బొమ్మ లేదు. పల్లెటూరి అంగీ తొడుక్కున్న అనాథ పిల్లవాడు పిడికిలి బిగించి నిలబడి ఉంటాడు, యుద్ధం నాశనమైపోను అని చెక్కిన అక్షరాల వైపు చూస్తూ. మా ఊరి రాయికి అంత కథ లేదు, మామూలు స్తంభం, మూడు మెట్లు. మధ్యాహ్నం నీడ పడుతుందని ఆ మెట్ల మీద కూర్చుని రొట్టె తినేవాళ్ళం. మెమే మమ్మల్ని గద్దించింది ఎప్పుడైనా ఉందంటే అక్కడ కూర్చున్నప్పుడే. చాదస్తం అనుకునేవాళ్ళం.

5. అదే ఎండలో ఇంకే పిల్లలున్నారో తెలుసుకోండి.

ఇది రాయకుండా దాటేద్దామనుకున్నాను.

1966లో మెమే మమ్మల్ని జిల్లా కేంద్రం గెరేలో సంతకు తీసుకెళ్ళింది. నా ఈడువాడే, నా రంగువాడే ఒక పిల్లవాడు దూడల్ని పట్టుకుని నిలబడ్డాడు. నా చేతిలో ఐస్‌క్రీము. నేను చెయ్యి ఊపాను, వాడు ఊపలేదు. కూరగాయలమ్మే ఒకావిడ మమ్మల్ని చూసి, "వీళ్ళనూ హోమ్ నుంచే తెచ్చుకున్నావా?" అని మెమేను అడిగింది. మెమేకు కోపం వచ్చింది. "వీళ్ళకు అమ్మా నాన్నా ఉన్నారు!" అంది.

వాడికి కూడా ఉండి ఉంటారు. ఆ సంగతి నాకు తెలియడానికి యాభై ఏళ్ళు పట్టింది. 1960ల నుంచి 1980ల దాకా హిందూ మహాసముద్రంలోని రెయూనియన్ దీవి నుంచి రెండు వేలమందికి పైగా పిల్లల్ని ఫ్రెంచి ప్రభుత్వం విమానాలెక్కించి, జనం తగ్గిపోయిన పల్లె జిల్లాలకు పంపింది. దీవిలో జనం ఎక్కువ, ఇక్కడ తక్కువ, అదీ లెక్క. చదువులు చెప్పిస్తామని కన్నవాళ్ళను ఒప్పించి, వేలిముద్రలు వేయించుకున్నారు. అనాథలు కానివాళ్ళు ఎందరో. కొందరు జీతంలేని పాలేళ్ళయ్యారు. ఎన్నో జిల్లాలకు వెళ్ళినా వాళ్ళకు మిగిలిన పేరు 'క్రూజ్ పిల్లలు'. ఇందులో రాజ్యానికి నైతిక బాధ్యత ఉందని జాతీయ అసెంబ్లీ తీర్మానించింది 2014లో.

ఇంకో మాట. 1828లో మన దేశం నుంచి ఆ దీవికి ఒప్పంద కూలీలుగా తొలి జట్టు ఓడెక్కింది మా యానాం రేవులోనే. వాళ్ళు తెలుగువాళ్ళు. ఆ దూడల కుర్రాడు ఎవరి మునిమనవడో నేనెక్కడ చెప్పగలను? ఊరు మారలేదు, ఎండ మారలేదు. మా నాన్నగారు సిపాయి కావడం, వాడి నాన్న కాకపోవడం, అంతే తేడా.

6. కోడి కూస్తే విసుక్కోకండి.

సెలవు ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు కోళ్ళ మీద కేసులు పెట్టేదాకా వెళ్ళారు ఫ్రాన్స్‌లో. ఓలెరాఁ దీవిలో మోరీస్ అనే పుంజు 2019లో కోర్టుకెక్కి గెలిచింది. 2021లో పల్లె చప్పుళ్ళకూ వాసనలకూ రక్షణగా చట్టమే చేశారు. మా వేసవుల్లో తెల్లవారుజామున కోడి కూస్తే నేనూ చెవుల మీద దిండు వేసుకున్నవాణ్ణే.

7. పేరు అడిగి పెట్టుకోండి.

నవంబరు 1 అక్కడ చనిపోయినవారి పండగలాంటిది. శ్మశానాలు చామంతులతో నిండిపోతాయి. మా అమ్మ తల్లో పెట్టుకునే పువ్వును అక్కడ ఎవరింటికైనా పట్టుకెళితే అపశకునం. మేమూ ఒక కుండీ కొన్నాం. కొన్నాక గాని తెలిసిరాలేదు, మెమే పేరేమిటో నాకు తెలియదని. ఐదు వేసవులు అన్నం పెట్టిన మనిషి. ఇంగ్లీషాయన దగ్గరి పాత ఇంటి కాగితాల్లో చూసి, మనవడు ఫోనులో ఎక్కించుకుని, నాచు పట్టిన రాళ్ళన్నీ గోకి చివరికి పట్టుకున్నాడు. పేరు, దాని కింద పుట్టింటి ఇంటిపేరు, 1894–1972. మమ్మల్ని మొదటిసారి చూసేటప్పటికి ఆవిడకు అరవై ఎనిమిది. నాకిప్పుడు అరవై తొమ్మిది.

రాయి పక్కన చిన్న రేకు బోర్డు గుచ్చి ఉంది: యాభై ఏళ్ళ గడువు తీరింది, సంబంధీకులు గ్రామ కార్యాలయానికి రావాలి. ఆ ఆఫీసు వారానికి రెండు పూటలే తెరుస్తారు. తెరిచే పూట దాకా ఆగి వెళ్ళాను. డబ్బు నేను కడతానన్నాను. గుమాస్తా అమ్మాయి నెమ్మదిగానే చెప్పింది, వారసులు తప్ప ఇంకెవరూ పొడిగించడానికి లేదు, కొడుకు కూడా పోయాడు, రాసిన ఉత్తరాలకు జవాబు లేదు అని. నా నంబరు మాత్రం రాసుకుంది.

బయటికొచ్చి, స్తంభం మీది పేర్లు చదవడం మొదలుపెట్టాను. చిన్నప్పుడు అవి అలంకారం అనుకున్నాను. 1914 కింద మెమే పుట్టింటి ఇంటిపేరు ఉంది. 1918 కింద మళ్ళీ అదే ఇంటిపేరు.

మనవడు అప్పటికే రొట్టె విప్పుకుని మెట్టు మీద కూలబడ్డాడు. లేవమన్నాను.